నేలకు తగిలే అంచు

కుట్టిన బట్టకు కత్తెర పెట్టాలంటే మడతల పిన్నికి చెయ్యి రాదు. దర్జీపని చేసే మనిషికి ఇదేం జబ్బని ఆమె భర్త ఎన్నోసార్లు నవ్వాడు. పొడుగెక్కువైన గౌను తెచ్చినా, నడుం వదులైన పరికిణీ తెచ్చినా ఆమె ఆ మిగులును లోపలికి మడిచి, పైకి కనిపించకుండా కుట్టి, "ఉండనీ, లోపల ఉంటే నీదే, కోస్తే ఎవరిది?" అనేది. ఆ వీధిలో పిల్లలు ఏటేటా పొడుగు సాగుతుంటే వాళ్ళ బట్టలు కూడా వాళ్ళతోపాటు సాగాయంటే అది ఆ మడతల చలవే. మడతల పిన్ని అన్న పేరు అట్లా వచ్చింది. వీధి మొత్తానికి ఆమె పిన్నే. ముసలివాళ్ళు కూడా పిన్నీ అనే పిలిచేవాళ్ళు.

ఆమె ఇల్లు చాకలిషాపు పైన. ముందుగది దుకాణం, వెనకగది కాపురం. ముందుగదిలో కిటికీ పక్కన మిషను, గోడకు చేరేసిన నిలువుటద్దం, దాని ఎదురుగా మనుషుల్ని నిలబెట్టి అంచు చూసే పొట్టి చెక్కబల్ల, బట్టలు మార్చుకోవడానికి మూలన ఒక తెర. కింద షాపులో నుంచి ఎప్పుడూ సబ్బువాసన, ఆవిరి పైకి వస్తుండేవి. అందుకే పిన్ని కుట్టిన బట్టలు కొత్తవైనా ఉతికినట్టే ఉంటాయనేవాళ్ళు. భర్త ఒకప్పుడు బస్సు డ్రైవరు, ఆ తర్వాత కూడా అందరికీ డ్రైవరే. పని మానేశాక ఇస్త్రీపెట్టె పట్టాడు. స్టీరింగు తిప్పిన చేతులకు గౌను కుచ్చిళ్ళు ఒక లెక్కా అనేవాడు. నిజానికి రెండు కాలర్లు మాడ్చిన తర్వాతే ఆ విద్య వచ్చింది.

పిన్ని చాలామంది అక్కచెల్లెళ్ళలో ఆఖరిది. ఆమె ఒంటి మీదికి వచ్చేసరికి ప్రతి గౌనూ నలుగురైదుగురి ఒళ్ళు చూసి వచ్చేది. పాత మడత విప్పినచోట రంగు వెలిసిపోని గీత ఒకటి మిగిలేది. ఏ గీత ఏ అక్కదో ఆమె వేలు పెట్టి చెప్పేది. కొంచెం పెద్దయ్యాక యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో చేరింది. అక్కడ ఏళ్ళ తరబడి ఆమె కుట్టింది జేబుల మూతలు మాత్రమే. చొక్కా మొత్తం ఎట్లా ఉంటుందో వీధిలో ఎవరైనా తొడుక్కుని పోతుంటే చూసుకోవాల్సిందే. ఆ ఫ్యాక్టరీ బస్సు నడిపే అబ్బాయి రోజూ ఆమె ఎక్కేదాకా బండి కదిపేవాడు కాదు. మిగతావాళ్ళు సణిగేవాళ్ళు. చివరికి సణుగుడు పడలేక ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారని అతను ఇప్పటికీ చెబుతాడు.

ఆ పెళ్ళికి ఆమె వేసుకున్నది అరువు గౌను. సూపర్వైజరు చెల్లెలిది. ఆవిడ తాటిచెట్టంత మనిషి. మడిచి కుట్టే టైం లేక చుట్టూ గుండుసూదులు గుచ్చి నిలబెట్టారు. అడుగు తీసి అడుగు వేస్తే చీలమండకు ఒక సూది, కూర్చుంటే మోకాలికి ఇంకొకటి. ఎవరేం మాట్లాడారో, ఏం తిన్నారో ఆమెకు గుర్తు లేదు. సూదులు గుర్తున్నాయి. ఆ తర్వాత ఆమె ఎన్ని పెళ్ళిగౌన్లు కుట్టినా, పెళ్ళికూతురు ఏ పొడవు అడిగితే ఆ పొడవే. తల్లి వద్దన్నా, అత్త వద్దన్నా వినేది కాదు.

ఆ పట్టుదలే పోస్టమ్మాయి గౌను దగ్గర చిక్కు తెచ్చిపెట్టింది.

పోస్టమ్మాయి ఆ పేటకు ఉత్తరాలు పంచే పిల్ల. కాలికి బలపం కట్టుకు పుట్టిందనేవాళ్ళు. సంచీ భుజాన వేసుకుని పొద్దున బయల్దేరితే ఏ సందులో చూసినా తనే. తల్లి చిన్నప్పుడే పోతే అక్క పెంచింది. అక్క మందుల షాపులో పని చేస్తుంది. పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలి చదువు, ఉద్యోగం, జలుబు, దగ్గు అన్నీ ఆవిడ చేతుల మీదుగానే నడిచాయి. ఆవిడ మాట కూడా మందుచీటీలా ఉంటుంది: ఏం చెయ్యాలి, ఎన్నిసార్లు చెయ్యాలి, చెయ్యకపోతే ఏమవుతుంది.

పోస్టమ్మాయికి బేకరీ అబ్బాయితో పెళ్ళి కుదరడం కూడా ఉత్తరాల పుణ్యమే. బేకరీకి మామూలుగా నెలకో ఉత్తరం వస్తే గొప్ప. ఉన్నట్టుండి రోజూ రావడం మొదలైంది. పిండి కలిపే మిషన్ల కంపెనీలన్నిటికీ అతను రాసి కేటలాగులు తెప్పించుకునేవాడు. కొనే స్తోమతూ లేదు, పెట్టుకునే చోటూ లేదు. ఆ పిల్ల రోజూ గుమ్మం దాకా రావాలి, అంతే. కొన్నాళ్ళకు ఆమె ఒక కేటలాగు చేతిలో పెడుతూ, ఇది నిన్న తెచ్చిందే, అట్ట మాత్రమే వేరు, అడగాల్సింది ఏదో నోటితో అడిగితే నాకు బరువు తగ్గుతుంది కదా అన్నదట. అతను అడిగాడు.

పెళ్ళి అనుకున్నాక వానాకాలంలో ఆ పిల్ల తడిసిన మెట్ల మీద జారి పడింది. తొడ ఎముక విరిగింది. అతుక్కుంది కానీ ఎడమకాలు కాస్త పొట్టి అయింది. ఇంతకు మించి సాగదని, ఎత్తుమడమ బూటు వేసుకుంటే నడుము నిటారుగా ఉంటుందని, చేతికర్ర కొంతకాలం తప్పదని డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. నల్లటి బూటు, కింద మందంగా అట్ట. ఆ పిల్ల దానికి ఇటుక అని పేరు పెట్టింది. పోస్టాఫీసువాళ్ళు ఆమెను బల్ల ముందు కూర్చోబెట్టి ఉత్తరాలు విడదీసే పని ఇచ్చారు. పెళ్ళి వాయిదా పడింది. బేకరీ అబ్బాయి రోజూ సాయంత్రం రొట్టె పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళేవాడు. మళ్ళీ పెళ్ళి అనుకునేసరికి వానలు పోయి ఎండలు వచ్చాయి.

అక్కాచెల్లెళ్ళిద్దరూ గుడ్డ పట్టుకుని పిన్ని మెట్లు ఎక్కారు. మీగడ రంగు గుడ్డ, చేతిలో జారిపోయేంత మెత్తన. చెల్లెలు మెట్లు ఎక్కి వచ్చేసరికి అక్క అప్పటికే మాట్లాడటం మొదలుపెట్టింది. గౌను చీలమండ పైకి ఉండాలి, జానెడు పైకి ఉన్నా మంచిదే, కాలికి అడ్డం పడితే ఆ ఎముక మళ్ళీ అతకదు. చెల్లెలు గోడ పట్టుకుని ఊపిరి తీసుకుని, నేలకు తగలాలి అన్నది. అక్క ఇంకోసారి చెప్పింది. చెల్లెలు కూడా ఆ ఒక్క మాటే ఇంకోసారి అన్నది. ఇద్దరూ పిన్ని వైపు చూశారు. పిన్ని నోట్లో గుండుసూదులు ఉన్నాయి కాబట్టి జవాబు చెప్పే పని తప్పింది.

షాపు తెరిచే వేళ అయిందని అక్క వెళ్ళిపోయింది. అప్పుడు పోస్టమ్మాయి చెక్కబల్ల మీద కూర్చుని బూటు విప్పి పక్కకు నెట్టింది. సంచిలోంచి మామూలు చెప్పులు తీసింది. పలచటివి, బంగారు రంగు పట్టీలు.

"పెళ్ళికి ఇవే వేసుకుంటాను పిన్నీ. అక్కకు చెప్పొద్దు."

"కర్ర?"

"కర్ర పట్టుకుంటాను. అది ఎట్లాగూ దాగదు. ఇటుక మాత్రం ఎవరికీ కనిపించకూడదు. వేసుకున్నా, వేసుకోకపోయినా అంచు నేల దాకా ఉంటే ఎవరూ కాళ్ళు చూడరు కదా."

పిన్నికి తన పెళ్ళి గుర్తొచ్చింది. ఎవరి పొడవో తన ఒంటికి గుచ్చుకుని నిలబడ్డ రోజు. ఈ పిల్ల అడిగిన పొడవు ఈ పిల్లకు దక్కాల్సిందే అనుకుంది. ఇంకేమీ ఆలోచించలేదు. పలచటి చెప్పుల మీదే నిలబెట్టి కొలతలు తీసింది. ఎడమవైపు నడుం కిందికి వాలడంతో అంచు అటు నేల మీద పడుతోంది. అటువైపు మడత ఎక్కువ పెట్టి, కుడివైపు తక్కువ పెట్టి సమం చేసింది. అద్దంలో చూస్తే అంచు గీత గీసినట్టు వచ్చింది.

గౌను కుట్టు పూర్తయ్యాక చూసుకోవడానికి పోస్టమ్మాయి ఒక్కతే వచ్చింది. తెర వెనక నుంచి బయటికి అడుగు పెట్టగానే ఇస్త్రీ చేస్తున్న డ్రైవరు పెట్టె ఎత్తి పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. అంత బాగా కుదిరింది. నడుం దగ్గర పట్టి, కిందికి పోయే కొద్దీ విచ్చుకుని, నేలను తాకీ తాకనట్టు ఆగింది. ఆ పిల్ల అద్దంలో తనను తాను చూసుకుంది. చూసి చూసి ఒక నవ్వు నవ్వింది. ప్రమాదం తర్వాత ఆమె అట్లా నవ్వడం పిన్ని చూడలేదు.

"కొంచెం నడువమ్మా, వెనక ఎట్లా పడుతుందో చూస్తాను" అన్నది పిన్ని.

ఆమె నడిచింది. కిటికీ దాకా బాగానే వెళ్ళింది. వెనక్కి తిరిగేటప్పుడు కుడిచేతి కర్ర మొన గౌను అంచు మీద పడింది. ఆమెకు తెలియలేదు. బరువు కర్ర మీద వేసి ఎడమకాలు ఎత్తింది. గుడ్డ పట్టి లాగింది. చర్రుమన్న చప్పుడుతోపాటు ఆమె పక్కకు ఒరిగి, అదృష్టం బాగుండి, కుట్టాల్సిన దుప్పట్ల కుప్ప మీద పడింది.

దెబ్బ తగల్లేదు. డ్రైవరు లేపి కూర్చోబెట్టాడు. మంచినీళ్ళు ఇచ్చాడు. పిన్ని మోకాళ్ళ మీద కూర్చుని ఆమె కాలు తడిమి తడిమి చూసింది. ఆ పిల్ల కాలును పట్టించుకోలేదు, చిరిగిన అంచునే చేతిలోకి తీసుకుని చూస్తోంది.

"అక్క చెప్పిందే రైటు" అన్నది చివరికి. "పైకి కట్టెయ్ పిన్నీ. ఎంత కావాలంటే అంత. లేకపోతే కుర్చీలో కూర్చుంటాను. అందరూ వచ్చి చూసి పోతారు."

ఆమె మెట్లు దిగి వెళ్ళిన తర్వాత పిన్ని గౌనును ఒళ్ళో వేసుకుని చాలాసేపు కూర్చుంది. సూది ఎక్కించలేదు. తన మీద తనకే అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పిల్ల అడిగిందని కుట్టింది సరే, ఆ పిల్ల ఎట్లా నడుస్తుందో చూడకుండా కుట్టింది. నిలబెట్టి కొలిచింది. పోస్టమ్మాయిని నిలబెట్టి కొలవడమేమిటి? ఇప్పుడు అక్క మాట ప్రకారం జానెడు ఎత్తి కుట్టేస్తే కాలికి ఏ అడ్డమూ ఉండదు. కానీ ఆ పిల్ల ఓడిపోయినట్టు తలవంచుకుని నడుస్తుంది. అట్లా నడిచేవాళ్ళు చదునైన నేల మీద కూడా పడతారు.

డ్రైవరు ఇస్త్రీ ముగించి, రూటు చూడకుండా బండి తీస్తే ఇంతే మరి అన్నాడు. పిన్ని కసురుకుంది. కానీ ఆ మాట ఆమె చెవిలో ఉండిపోయింది.

మర్నాడు బేకరీ అబ్బాయి వచ్చాడు. కనుబొమల్లో ఇంకా పిండి ఉంది. పెళ్ళికి కుట్టించుకున్న ప్యాంటు పొడుగైందని, కింద మడత వెయ్యాలని తెచ్చాడు. పిన్ని అతన్ని బల్ల ఎక్కించి సూదులు గుచ్చుతుంటే, గోడకు తగిలించిన గౌను వైపు చూడకుండా ఉండటానికి అతను నానా తంటాలు పడ్డాడు. పెళ్ళికి ముందు పెళ్ళికొడుకు గౌను చూడకూడదని ఆ అమ్మాయి చెప్పిందట. చూపు ఎక్కడ పెట్టాలో తెలియక మాటలు మొదలుపెట్టాడు.

"ఆమె బూటు గురించి బాధపడుతుంది పిన్నిగారూ. నాకు తెలుసు. నాతో చెప్పదు. పొద్దున్నే బేకరీలో పిండి మిషను మోత మీకు తెలుసు కదా, పక్కమనిషి అరిచినా వినపడదు. ఆమె పోస్టాఫీసుకు పోతూ మా వీధి మలుపు తిరిగితే మాత్రం నాకు వినిపిస్తుంది. ఆ అడుగు ఇంకెవరిదీ కాదు. వినగానే మిషను ఆపేస్తాను. ఇదివరకు ఎప్పుడు వచ్చేదో తెలియక గుమ్మం కేసి చూస్తూ రొట్టెలు మాడ్చేవాణ్ణి."

పిన్ని ఆఖరి సూది గుచ్చి అతన్ని బల్ల దింపింది. అతను వెళ్ళాక డ్రైవరు, ఈ మాట ఆ పిల్లకు చెబితే సగం గొడవ తీరిపోతుంది కదా అన్నాడు. పిన్ని తల అడ్డంగా ఊపింది. ఆ బల్ల మీద నిలబడ్డవాళ్ళు చాలామంది చాలా చెప్పారు. ఒకరి కొలత ఇంకొకరికి చెప్పనట్టే ఒకరి మాటా చెప్పదు ఆమె. అతనికి నోరుంది, అతనే చెప్పుకుంటాడు. పైగా, పెళ్ళికొడుక్కి నచ్చింది కాబట్టి బూటు వేసుకో అంటే, అది కూడా ఇంకొకరి పొడవు గుచ్చినట్టే.

ఆ సాయంత్రం ఆమె పాత దుప్పటి ఒకటి తీసి, నడుముకు నాడా ఎక్కించి, గౌను ఎంత పొడవో అంత పొడవు లంగా ఒకటి చకచకా కుట్టింది. గుండుసూదుల డబ్బా సంచిలో వేసుకుని, పోస్టాఫీసు మూసే వేళకు వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడింది. పోస్టమ్మాయి బయటికి రాగానే, పెళ్ళి జరిగే హాలు దాకా పోయి వద్దాం రా అన్నది. ఎందుకని ఆ పిల్ల అడిగితే, మా ఆయన రూటు చూడమన్నాడు అన్నది.

హాలు ముందు నాలుగైదు రాతిమెట్లు. పక్కన పట్టుకోవడానికి కమ్మీ లేదు. తలుపు తాళం వేసి ఉంది. మెట్ల మీద ఒక పిల్లి తప్ప ఎవరూ లేరు. పిన్ని ఆ దుప్పటిలంగాను ఆమె బట్టల మీదే కట్టింది. ముందు బంగారుపట్టీల చెప్పులు వేసుకుని ఎక్కమన్నది. ఆ పిల్ల వేసుకుంది. కుడికాలు పై మెట్టు మీద పెట్టింది, ఎడమకాలు పైకి తెచ్చుకునేసరికి ఒళ్ళు ఒకపక్కకు వాలిపోయి, లంగా కాళ్ళకు చుట్టుకుంది. రెండో మెట్టు మీద ఆగింది. దిగలేదు, ఎక్కలేదు. పిన్ని చెయ్యి అందించింది.

"ఇప్పుడు ఇటుక వేసుకో" అన్నది.

బూటుతో నడుం నిటారుగా నిలిచింది. కానీ కర్ర మళ్ళీ అంచు మీద పడింది. పిన్ని వంగి చుట్టూ కొంచెం పైకెత్తి సూదులు గుచ్చింది. మళ్ళీ ఎక్కించింది. మెరుగే కానీ ఇంకా తగులుతోంది. ఇంకొంచెం ఎత్తింది. ఆ పిల్ల ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. మూడోసారికి కాళ్ళవైపు చూడటం మానేసింది. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, తలుపు దాకా వెళ్ళి, తలుపులో ఉత్తరాల సందు కనబడితే అలవాటుకొద్దీ అందులో చెయ్యి పెట్టి చూసి తిరిగి వచ్చింది. పిల్లి లేచి పక్కకు పోయింది.

ఆమె పై మెట్టు మీద కూర్చుంది. ముఖం చెమటపట్టింది. లంగా అంచు కింద బూటు మొత్తం కనిపిస్తోంది, ఆ పైన చీలమండ కూడా కాస్త. రెండు కాళ్ళూ ముందుకు చాచి చూసుకుంది.

"బేకరీకి ఉత్తరాలు ఇస్తూ తిరిగిన కాళ్ళు ఇవే కదా పిన్నీ. ఒకటి కొంచెం అలిగింది, అంతే."

"నన్నేం చెయ్యమంటావో చెప్పు. నువ్వు నేలకు తగలాలంటే మళ్ళీ తగిలిస్తాను. మీ అక్కతో నేను మాట్లాడతాను."

"వద్దు. ఎత్తెయ్. అక్క చెప్పినంత కాదు, ఇప్పుడు నువ్వు గుచ్చినంత. కర్రకు తగలకూడదు, అంతవరకే." బూటు తాళ్ళు వేలితో లాగి చూపిస్తూ అన్నది, "దీనికి నల్ల తాళ్ళు తీసేసి ఎర్రవి వేస్తాను. ఎట్లాగూ చూస్తారు, సరిగ్గా చూడనీ."

గౌనుకు పిన్ని కొత్త మడత పెట్టింది. ఈసారి బూటుతో నడుం సమంగా ఉంది కాబట్టి, ఎడమవైపు ఎక్కువ పెట్టిన పాత మడత విప్పి చుట్టూ ఒకే ఎత్తుకు తెచ్చింది. చిరిగినచోటు లోపలి మడతలోకి వెళ్ళిపోయింది. కత్తెర అవసరమే రాలేదు. చేత్తోనే హెమ్మింగ్ చేసింది, పైకి ఒక్క కుట్టు కనబడకుండా.

అక్క గౌను చూసి ముందు సంతోషించింది, తర్వాత ఎర్రతాళ్ళు చూసింది. మా షాపులో ఎర్ర చీటీ అంటే విషం అని గుర్తు అన్నది. చెల్లెలు, అయితే అందరూ దూరంగా నిలబడతారులే అన్నది. అక్క నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఆవిడ నోరు మూసుకోవడం పిన్ని చూడటం అదే మొదటిసారి.

పెళ్ళిరోజు పొద్దున పిన్ని మంచి బట్టలు కట్టుకుని, భర్త చెయ్యి పట్టుకుని హాలుకు చేరిందో లేదో అక్క కాలు కాలిన పిల్లిలా ఎదురొచ్చింది. అంచు వంకరగా ఉంది, ఎడమవైపు లేచిపోయింది, మనుషులు వచ్చేస్తున్నారు, సూది తెచ్చారా అని ఒక్క గుక్కలో అడిగింది. సూది లేకుండా పిన్ని ఎక్కడికీ వెళ్ళదు. పక్కగదిలోకి వెళ్ళారు. పోస్టమ్మాయి కిటికీ దగ్గర కర్ర మీద బరువు వేసి నిలబడి ఉంది. నిజమే. కుడివైపు కొంచెం వాలింది, ఎడమవైపు వేలెడు లేచింది.

పిన్ని నేల మీద కూర్చుంది. అంచు పట్టుకుని చూసింది. విప్పి సరిచేయడం పెద్ద పని కాదు, దారం తెంపితే చాలు. అక్క అప్పటికే కత్తెర చేతికి అందిస్తోంది. పిన్ని దాన్ని తీసుకోకుండా, ఆ గోడ దాకా నడిచి రమ్మన్నది. పిల్ల నడిచింది. నడుస్తుంటే అంచు ఒక క్షణం ఇటు, ఒక క్షణం అటు ఊగుతూ బూటు మీదుగా, చెప్పు మీదుగా ఒకేలా వెళ్ళింది. మలుపు తిరిగింది. కర్ర ఎక్కడా తగల్లేదు. మళ్ళీ కిటికీ దగ్గర ఆగి కర్ర మీద వాలగానే ఎడమవైపు మళ్ళీ లేచింది.

"వంకరగా ఉందా పిన్నీ?"

"నిలబడితే వంకర. నడిస్తే లేదు." పిన్ని మోకాలు పట్టుకుని లేచింది. "నువ్వు నిలబడే పిల్లవి కాదుగా. ఇంక సూది పెట్టను."

అక్క ఏదో అనబోయింది. ఫొటోల్లో పడుతుంది కదా అన్నది. పడనీ, ఫొటో తీసేవాణ్ణి తొందరగా తియ్యమనండి అన్నది పిన్ని. అక్కకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, తన సంచిలోంచి దూది తీసి చెల్లెలి బూటు మీద ఎవరికీ కనిపించని మరకేదో తుడిచింది.

హాలు బయట అందరూ మెట్లకు రెండువైపులా చేరారు. పెళ్ళికొడుకు పైన తలుపు దగ్గర నిలబడ్డాడు. దిగి వచ్చి చెయ్యి ఇవ్వొద్దని ఆ అమ్మాయి ముందే చెప్పి ఉంచింది. ఆమె కుడికాలు పెట్టింది, కర్ర, ఎర్రతాళ్ళ బూటు, మళ్ళీ కుడికాలు. ఎవరో దగ్గారు. వీధిలో బండ్లు పోతున్నాయి. ఆ రద్దీలో కూడా ఆ అడుగు చప్పుడు పిన్నికి వినిపించింది. పైన పెళ్ళికొడుకు కళ్ళు మూసుకుని నిలబడ్డాడని కూడా గమనించింది. ఆమె చివరి మెట్టు ఎక్కాకే అతను కళ్ళు తెరిచాడు. అతను వంగి ఆమె చెవిలో ఏదో చెప్పాడు. ఆమె నమ్మనట్టు చూసి, నిజమా అన్నట్టు తల ఎగరేసింది. ఏం చెప్పాడో పిన్ని ఊహించుకోగలదు. ఊహించుకుని ఊరుకుంది.

కేకు అతను స్వయంగా చేసిందే. పెళ్ళికూతురిని కూర్చోమంటే వినలేదు. ముక్కలు పళ్ళెంలో పెట్టించుకుని, కర్ర ఒక చేతిలో, పళ్ళెం ఒక చేతిలో, ఇది మీకు, ఇది పక్కింటి మీకు అంటూ బల్ల బల్లకూ పంచుతూ తిరిగింది. వీధి పేరు చెప్పి మరీ ఇచ్చింది. డ్రైవరు తన ముక్క తినేసి, చిరునామా తప్పింది, ఇంకో ముక్క రావాలి అని గొడవ పెట్టాడు. ఇంటికి నడుస్తూ పిన్నిని అడిగాడు, మన పెళ్ళిలో ఏం పెట్టారో గుర్తుందా అని. గుర్తులేదన్నది. అతను చెప్పాడు: ఉడకని బంగాళాదుంపలు, ఉప్పెక్కువైన చారు, నువ్వు మాత్రం కదలకుండా రాణీలా నిలబడ్డావు, గర్వమనుకుని భయపడ్డాను. పిన్ని వీధి మధ్యలో ఆగి నవ్వింది. గర్వం కాదు, సూదులు అన్నది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ సంగతి అతనికి ఎప్పుడూ చెప్పనేలేదు. అతను నమ్మలేకపోయాడు. ఇల్లు చేరేదాకా ఒక్కొక్క సూది ఎక్కడెక్కడ గుచ్చుకుందో చెప్పించుకుంటూనే ఉన్నాడు.

చలికాలం వచ్చేసరికి పోస్టాఫీసువాళ్ళు పోస్టమ్మాయికి మళ్ళీ వీధులు ఇచ్చారు. అన్నీ కాదు, పోస్టాఫీసు చుట్టుపక్కలవి, మెట్లు తక్కువ ఉన్నవి. బేకరీ వీధి వాటిలో లేదు. దాన్ని ఆమె పోట్లాడి తెచ్చుకుంది. ఇంట్లో ఎట్లాగూ చూసే మొగుడికి బయట కూడా ఉత్తరాలు ఇవ్వాలా అని పోస్టుమాస్టరు అడిగితే, కేటలాగులు ఇంకా వస్తున్నాయండీ, ఎవరో ఒకరు మొయ్యాలిగా అన్నదట.

అక్క మాత్రం చెల్లెలి పెళ్ళయ్యాక పిన్ని మెట్లు ఎక్కలేదు. ఇంట్లో ఒక్కతే ఉంటోందని, షాపు కట్టేసినా తొందరగా ఇంటికి పోవడం లేదని జనం అనుకున్నారు. ఒక మధ్యాహ్నం పిన్ని మిషనుకు నూనె వేస్తుంటే తలుపు దగ్గర ఆవిడ కనబడింది. చేతిలో పొట్లం. చెల్లెలికి ఏమైనా కుట్టాలా అని అడిగింది పిన్ని. కాదన్నది. బల్ల మీద పొట్లం విప్పింది. నెమలికంఠం రంగు గుడ్డ, వెలుతురులో పెడితే రంగు మారుతోంది. ఇన్నేళ్ళలో ఆవిడ ఎప్పుడూ బూడిదరంగు తప్ప కట్టగా ఎవరూ చూడలేదు.

"నాకే" అన్నది. అని, ఎందుకో ఏమిటో పిన్ని అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది: సెలవు తీసుకోకుండా ఎన్నేళ్ళో అయిందని, సముద్రం చూడాలని ఎప్పటినుంచో ఉందని, బస్సు టిక్కెట్టు కూడా కొనేశానని.

డ్రైవరు లోపలినుంచి, ఏ బస్సు, కిటికీ పక్కన సీటు అడిగారా లేదా అని కేకేశాడు. పిన్ని టేపు మెడలో వేసుకుంది. అక్క అద్దం ముందు చెక్కబల్ల ఎక్కి, చేతులు రెండూ ఒంటికి ఆనించి, సైన్యంలో సిపాయిలా బిగదీసుకుని నిలబడింది.

"అట్లా కాదు" అన్నది పిన్ని. "కాస్త దిగి, అటు దాకా నడిచి రా అమ్మా. తర్వాత కొలుస్తాను."